పాకం, శయ్య, నుడికారం: రచన తీరును చెప్పే తెలుగు మాటల చరిత్ర

రచన ఎలా ఉందో చెప్పడానికి తెలుగువాళ్లు తరతరాలుగా వాడిన మాటల్లో చాలా భాగం సాహిత్యంలో పుట్టినవి కావు. పాకం వంటింటి మాట. శయ్య అంటే పడక. గుంఫనం పూలు గుచ్చే చేతి పని. అల్లిక, బిగి బుట్టలు అల్లే చోటా మగ్గం దగ్గరా వినబడతాయి. ధార నీటిది, నడక మనిషిది. ఇవాళ వీటన్నిటి బదులూ వాడేస్తున్న 'శైలి' ఆ అర్థంలో స్థిరపడింది ఆలస్యంగా. సంస్కృతంలో శైలి అంటే శీలం వల్ల ఏర్పడిన అలవాటు, ప్రవర్తన తీరు. వ్యాకరణ వ్యాఖ్యాతలు ఆచార్యుడు సూత్రం చెప్పే పద్ధతిని శైలి అన్నారు. కావ్యం ఎలా ఉందో తేల్చాల్సి వచ్చినప్పుడు ఆలంకారికులు ఎత్తుకున్న మాటలు వేరు: మార్గం, రీతి, గుణం, వృత్తి, శయ్య, పాకం. తెలుగు కవులకూ లాక్షణికులకూ చేతికందిన తొలి సరంజామా ఇదే. దాని పక్కనే జాను తెనుగు, దేశి, నుడికారం, పలుకుబడి లాంటి ఇంటి మాటలు పెరిగాయి. ఈ రెండు రకాల మాటల పొత్తూ పోరూ దాదాపు వెయ్యేళ్లు సాగింది.

మార్గం అంటే దారి. దండి తన కావ్యాదర్శంలో రెండు దారులు చెప్పాడు, వైదర్భం, గౌడం. సులువుగా సాగేది, స్పష్టంగా వినిపించేది మొదటిది. దీర్ఘ సమాసాలతో, పరుషాక్షరాలతో ఉరుములా మోగేది రెండోది. శ్లేషం, ప్రసాదం, సమత, మాధుర్యం, ఓజస్సు వంటి పది గుణాలను ఆయన వైదర్భానికి ప్రాణాలుగా లెక్కించాడు. తర్వాత కశ్మీర దేశపు వామనుడు మార్గం అన్న మాటను పక్కనపెట్టి రీతి అన్నాడు. రీతే కావ్యానికి ఆత్మ అని తేల్చి, రెండింటికి పాంచాలిని చేర్చి మూడు చేశాడు. భోజుడి నాటికి అవి ఆరయ్యాయి. విదర్భ, గౌడ, పాంచాల, అవంతి, లాట, మగధ అన్నీ దేశాల పేర్లే. అయితే వైదర్భిలో రాయడానికి విదర్భలో పుట్టనక్కర్లేదని వామనుడే స్పష్టం చేశాడు. ఒకప్పుడు ఒక ప్రాంతం వాళ్ల అలవాటైనది తర్వాత ఎవరైనా ఎంచుకోగల పద్ధతి అయింది. కాలక్రమాన మమ్మటుడు పది గుణాలను మాధుర్యం, ఓజస్సు, ప్రసాదం అని మూడుకు కుదించాడు. తెలుగు పాఠశాలల్లో ఇప్పటికీ 'ప్రసాద గుణం' అంటున్నామంటే అది ఆ మూటలోంచి జారిపడిన మాటే. చెప్పిన వెంటనే అర్థం తేటపడడం ప్రసాదం. కదలని నీటిలో అడుగు కనబడినట్టు.

పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువున భారతాన్ని తెలుగు చేయడానికి పూనుకున్న నన్నయ, అవతారికలో తన కవితకు మూడు లక్షణాలు చెప్పుకున్నాడు. ఒకటి ప్రసన్నకథాకలితార్థయుక్తి, రెండోది అక్షరరమ్యత, మూడోది నానారుచిరార్థసూక్తినిధిత్వం. తెలుగులో దొరుకుతున్న తొలి కావ్యం తలుపు తీయగానే, కవి తన రచనను ఎలా చదవాలో తానే చెబుతున్నాడు. ఇది చిన్న సంగతి కాదు. మూడు పేర్లూ సంస్కృత సమాసాలే. కానీ వాటి వెనకున్న ఆలోచన అలంకార గ్రంథాల జాబితా నుంచి ఎత్తుకున్నది కాదు. కథ తేటగా సాగాలి, ఆ తేటదనంలో అర్థం ఇమిడి ఉండాలి, వినే చెవికి అక్షరాలు ఇంపుగా ఉండాలి. కథలోపలికి దిగగల రసజ్ఞులు మొదటిదాన్నీ, తక్కినవాళ్లు అక్షరరమ్యతనూ మెచ్చుకుంటారని నన్నయ పాఠకులనే రెండు తరగతులుగా చూశాడు. ఒకే రచనను వేర్వేరు చెవులు వేర్వేరుగా వింటాయని ఆయనకు తెలుసు. ఈ మూడు మాటల్లో మొదటిదాని మీదే విశ్వనాథ సత్యనారాయణ ఇరవయ్యో శతాబ్దంలో ఒక పుస్తకం రాశారు. ఒక కవి తనను గురించి చెప్పుకున్న ఒక్క సమాసం, తొమ్మిది వందల ఏళ్ల తర్వాత కూడా విమర్శకు పరికరంగా పనిచేసింది.

నన్నయ దారికి ఎదురుగా మరో రెండు మాటలు నిలిచాయి. కుమారసంభవం రాసిన నన్నెచోడుడు మార్గకవిత, దేశికవిత అని విడదీసి, తెలుగులో కవిత్వం చెప్పడాన్ని దేశి పక్షాన నిలిపాడు. తన కావ్యాన్ని వస్తుకవిత అన్నాడు, జాను తెనుగు అన్న మాట వాడాడు. ఈ కావ్యాన్ని మానవల్లి రామకృష్ణకవి 1909లో అచ్చు వేయించేదాకా పండితులకే సరిగా తెలియదు. బయటపడగానే నన్నెచోడుడు నన్నయ కంటే ముందువాడా, తర్వాతివాడా అన్న వాదం మొదలై చాలా కాలం నడిచింది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో జాను తెనుగును ఒక ప్రతిజ్ఞగానే ఎత్తుకున్నాడు. పెద్ద పెద్ద గద్యపద్యాల కంటే అందరికీ తెలిసే తెలుగు మేలని ఆయన పక్షం. అందుకే ద్విపద పట్టాడు. జాను అన్న మాటకు మూలం ఏమిటో పండితులు ఒక మాటకు రాలేదు. జాణతనంతో ముడిపెట్టి, సొంపైన తెలుగు అని చెప్పేవాళ్లు ఎక్కువ. సోమనాథుడి చేతిలో మాత్రం ఆ మాటకు ఒక సామాజిక బరువు వచ్చింది. జాను తెనుగు అంటే కేవలం తేలిక తెలుగు కాదు. శివభక్తుల గుంపులో కూచుని వినే చాకలికీ, కుమ్మరికీ, కమ్మరికీ అందే తెలుగు. రచన తీరుకు పెట్టిన పేరు, ఆ రచన ఎవరి కోసమో కూడా చెప్పడం ఇక్కడే మొదలైంది.

తిక్కన శిష్యకోటిలోని కేతన పదమూడో శతాబ్దంలో ఆంధ్రభాషాభూషణం రాశాడు. తెలుగు భాషకు తెలుగులో వచ్చిన తొలి వ్యాకరణంగా దానికి పేరు. తెలుగు మాటలను ఆయన తత్సమం, తద్భవం, అచ్చతెలుగు, దేశ్యం, గ్రామ్యం అని అయిదుగా పంచాడు. ఈ అయిదింట్లో చివరిదాని కథ తర్వాత పెద్ద పోరాటంగా మారింది కాబట్టి దాన్ని గుర్తుపెట్టుకోవాలి. సంస్కృత ఆలంకారికులకు గ్రామ్యం ఒక దోషం. నాగరకుడి నోట రాకూడని మోటు మాట, మోటు భావం అని దాని అర్థం. కేతన దగ్గర అది మాటల్లో ఒక తెగ. ఒక అభిరుచి లోపానికి పెట్టిన పేరు, క్రమంగా ఒక జనం నోటిభాషకు అంటుకుంది.

ఇక పాకం. ఈ ఒక్క మాట చరిత్రే ఆలంకారికుల ఆలోచన ఎంత నాజూకుగా నడిచిందో చూపిస్తుంది. వంటలో పాకం అంటే ఉడుకు. బెల్లం పాకం తీగకు వచ్చిందా, ముదిరిందా అని వేలికొనల మధ్య సాగదీసి చూస్తారు. ఒక క్షణం ముందు దించితే అరిసె విరిగిపోతుంది, ఒక క్షణం ఆలస్యమైతే రాయి అవుతుంది. వామనుడు మాటలకూ అలాంటి క్షణం ఒకటి ఉందన్నాడు. రచనలో ఒక్క పదం తీసి అదే అర్థమున్న ఇంకో పదం పెట్టలేని స్థితి వచ్చిందంటే అదే శబ్దపాకం. మాటలు తమ చోట కుదురుకున్నాయి, ఇక కదలవు. ఈ లక్షణాన్ని ఒప్పుకోని మనిషి ఒకరున్నారు. కావ్యమీమాంస రాసిన రాజశేఖరుడి భార్య అవంతిసుందరి. పదం మార్చలేకపోవడం కవి అశక్తి అవుతుంది గానీ పాకం కాదు, ఒకే వస్తువుకు మహాకవుల దగ్గర ఎన్నో పాఠాలు ఉంటాయి, అవన్నీ పరిపాకం పొందినవే కావచ్చు అని ఆమె అభిప్రాయం. భార్య మాటను రాజశేఖరుడు పేరు పెట్టి తన గ్రంథంలో చేర్చాడు. రచనను గురించిన ఈ రెండు పక్షాలూ నేటికీ సజీవంగానే ఉన్నాయి. సరైన మాట ఒక్కటే ఉంటుందని నమ్మి చిత్తుప్రతిని పదిసార్లు దిద్దే రచయిత వామనుడి పక్షం. ఆశువుగా ఒకే సమస్యను నాలుగు రకాలుగా పూరించే అవధాని అవంతిసుందరి పక్షం.

రాజశేఖరుడు పాకాలను తొమ్మిదిగా పెంచాడు. వేప, రేగు, ద్రాక్ష, వంగ, చింత, మామిడి, పోక, దోస, కొబ్బరి. ఒక్కో పండు రుచీ మొదట ఎలా ఉంటుంది, చివర ఎలా ఉంటుంది అన్నదే కొలత. మొదటా చివరా రుచి లేనిది వేపపాకం. మొదట బాగుండి చివర చెడేది పోకపాకం. మొదట అంతగా రుచించకపోయినా చివరకు తియ్యబడేది ద్రాక్ష. మొదటి నుంచి చివరిదాకా మధురంగా ఉండేది నారికేళం. వేప, వంగ, పోక పాకాలను వదిలేయాలనీ, రేగు, చింత, దోస పాకాలను సంస్కరించుకోవాలనీ, ద్రాక్ష, మామిడి, కొబ్బరి పాకాలను స్వీకరించాలనీ ఆయన తీర్పు. ఇది చదివే అనుభవాన్ని కాలంలో పెట్టి చూసిన లెక్క. పుస్తకం మొదటి పుటల్లో పట్టు దొరక్క, చివరికి వచ్చేసరికి వదలబుద్ధి కాని రచనలకూ, ఘనంగా మొదలై చప్పబడిపోయే రచనలకూ ఇంతకంటే తేటైన పేర్లు దొరకవు.

ఈ పండ్ల లెక్క తెలుగు నేల మీద మలుపు తిరిగింది. ఓరుగల్లులో కాకతీయ ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు సంస్కృతంలో ప్రతాపరుద్రీయం రాశాడు. లక్షణాలు చెబుతూ ఉదాహరణలన్నీ తన రాజు మీదే కట్టిన గ్రంథం అది. అందులో నారికేళపాకం అర్థమే మారిపోయింది. లోపలా బయటా రసం తొణికేది ద్రాక్షాపాకం, రసం లోపల దాగి ఉండేది నారికేళపాకం. రాజశేఖరుడు చూసింది కొబ్బరి రుచిని, విద్యానాథుడు చూసింది దాని టెంకను. తెలుగువాళ్లు రెండో అర్థాన్నే పట్టుకున్నారు. ఒలిచి తినాల్సిన అరటిపండును మధ్యలో చేర్చి కదళీపాకం అన్నారు. ద్రాక్ష నోట్లో వేసుకుంటే చాలు, అరటికి తొక్క తీయాలి, కొబ్బరికాయను పీచు వలిచి కొట్టాలి. తెలుగు విద్యార్థి ఇవాళ చదువుకునేది ఈ మూడు మెట్ల పద్ధతినే. రాజశేఖరుడు అన్నిటికంటే పైన కూచోబెట్టిన పండు ఇక్కడ 'కష్టపడితే గానీ అర్థం కాదు' అనడానికి మర్యాదైన పేరుగా మిగిలింది. విశ్వనాథ రచనలను కొందరు నారికేళపాకం అంటే, అంతకు మించి పాషాణపాకం అన్నవాళ్లూ ఉన్నారు. కొలత రుచి నుంచి శ్రమకు మారడం వల్ల ఒక నష్టం జరిగింది. సులువుగా ఉండీ చప్పనైన రచననూ, కష్టంగా ఉండీ లోపల డొల్లైన రచననూ పట్టి చూపే పేర్లు పాత తొమ్మిదింటిలో ఉన్నాయి, కొత్త మూడింటిలో లేవు.

శయ్యను కూడా విద్యానాథుడే తెలుగువాళ్లకు దగ్గర చేశాడు. పదాలకు ఒకదానితో ఒకటి కుదిరిన మైత్రి శయ్య. ఇది మాట అందం గురించి కాదు, మాట పొరుగు గురించి. 'చల్లని వెన్నెల' అంటే రెండు మాటలూ ఒకే మంచం మీద సర్దుకుని పడుకుంటాయి. 'శీతల చంద్రిక' అన్నా అంతే. 'శీతల వెన్నెల' అన్నప్పుడు ఒకటి రెండోదాన్ని తోసేస్తుంది. అర్థంలో తేడా ఏమీ లేదు, పొత్తే కుదరలేదు. వ్యాకరణం ఇలాంటి కలయికలను వైరి సమాసం అని నిషేధించింది. శయ్య అన్న మాట నిషేధించదు, వినమంటుంది. తీర్పు చెప్పే మాటకూ చెవికి పని పెట్టే మాటకూ ఉన్న తేడా అది. పదహారో శతాబ్దంలో భట్టుమూర్తి ప్రతాపరుద్రీయాన్ని ఆధారం చేసుకుని నరసభూపాలీయం రాయడంతో శయ్యా పాకాల వంటి మాటలు తెలుగు పద్యాల్లోకే దిగి వచ్చాయి. అంతకు ముందే విన్నకోట పెద్దన కావ్యాలంకార చూడామణిలో అలంకారాన్నీ ఛందస్సునూ వ్యాకరణాన్నీ ఒకచోట తెలుగులో చెప్పి దారి వేశాడు.

లాక్షణికులు సంస్కృత పేర్లను సర్దుకుంటుంటే, కవులూ శ్రోతలూ మరో పదకోశం పోగుచేసుకున్నారు. శ్రీనాథుడు భీమఖండంలో తన కవిత గురించి చెప్పిన పద్యంలో ప్రౌఢి, నుడికారం పక్కపక్కన నిలుస్తాయి. మొదటిదాన్ని బట్టి చూసేవాళ్లకు అది సంస్కృతంలా, రెండోదాన్ని బట్టి చూసేవాళ్లకు తెలుగులా కనబడుతుందని ఆయన ఎత్తిపొడుపు. ఎవరేమనుకున్నా తన కవిత కర్ణాట భాష అని ఆ పద్యం ముగుస్తుంది. దాని భావం మీద చాలా చర్చ జరిగింది. ఇక్కడ కావలసింది మాత్రం ఒక సంగతి. పదిహేనో శతాబ్దం నాటికే ఒక భాషను ఆ భాషగా నిలబెట్టేది నుడికారం అన్న ఎరుక కవికి ఉంది. విజయనగర కాలానికి వచ్చేసరికి మెచ్చుకోలు మాటలు చేతిపనుల వైపు మళ్లాయి. అల్లసాని పెద్దనకు అల్లికలోని జిగిబిగిని, నంది తిమ్మనకు ముద్దు పలుకును, తెనాలి రామకృష్ణుడికి పదగుంఫనాన్ని పంచి ఇచ్చిన చాటువు ఒకటి జనం నోళ్లలో నిలిచింది. జిగి అంటే పైకి కనబడే మెరుపు, బిగి అంటే లోపలి పట్టు. బుట్ట అల్లేవాడికి రెండూ కావాలి. పట్టు లేని మెరుపు నాలుగు రోజులు నిలవదు, మెరుపు లేని పట్టును ఎవరూ కొనరు. ఈ జంటపదం ఒక్కటే పెద్దన పద్యం మీద ఒక పొడవైన వ్యాసం చేసే పని చేస్తుంది. విశ్వనాథ తన మరో పుస్తకానికి ఆ చాటువులోని మాటలనే పేరుగా పెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

అదే కాలంలో తత్సమాలను పూర్తిగా విడిచిపెట్టి రాయడం ఒక పంతంగా మొదలైంది. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో, పటాన్‌చెరు ప్రాంతపు అమీన్‌ఖాన్‌కు అంకితంగా పొన్నికంటి తెలగన రాసిన యయాతి చరిత్ర తొలి అచ్చతెలుగు కావ్యం. పద్దెనిమిదో శతాబ్దంలో కూచిమంచి తిమ్మకవి అచ్చతెలుగు రామాయణం రాశాడు. కేతన దగ్గర మాటల్లో ఒక తెగగా ఉన్న అచ్చతెలుగు, ఇక్కడికి వచ్చేసరికి ఒక రచనా రీతి పేరు అయింది. కానీ అచ్చతెలుగు కావ్యాలు తేలిక కావ్యాలు కావు. సముద్రానికీ, సూర్యుడికీ, బ్రహ్మకూ దేశ్యపదాలతో కొత్త పేర్లు కట్టాల్సి వచ్చి, కొన్ని చోట్ల సంస్కృత సమాసం కంటే కొరుకుడు పడనివి తయారయ్యాయి. మాట ఏ భాషది అన్న ప్రశ్నా, మాట చెవికి పరిచయమేనా అన్న ప్రశ్నా వేరువేరని ఈ ప్రయోగం తేల్చింది. జాను తెనుగు రెండో ప్రశ్నకు జవాబు, అచ్చతెలుగు మొదటిదానికి.

1656లో అప్పకవీయం అన్న లక్షణగ్రంథంతో లక్షణం కవుల మీద పెత్తనానికి వచ్చింది. ఏది సాధువు, ఏది అసాధువు, యతి ఎక్కడ చెల్లుతుంది, ఏ మహాకవి ప్రయోగం ప్రమాణం అన్న చర్చలు పెరిగాయి. తప్పు పట్టే మాటలకు కొదవ లేదు: యతిభంగం, పునరుక్తి, వ్యర్థపదం, దూరాన్వయం, దుష్టసమాసం, చర్వితచర్వణం. వీటికి తోడు జనం తమ పొలాల నుంచీ రోళ్ల నుంచీ ఊకదంపుడు, పొల్లుమాట, ఊతపదం తెచ్చి ఇచ్చారు. గింజ లేని ఊకను దంచితే చప్పుడు వస్తుంది, బియ్యం రావు. ఈ ఒక్క మాటలో ఉన్నంత స్పష్టత పండితుల దోషాల పట్టికలో వెతికినా దొరకదు.

పందొమ్మిదో శతాబ్దం నడుమ అచ్చుయంత్రం, బడి చదువు కలిసి వచనాన్ని ముందుకు తెచ్చాయి. పద్యానికి వందల ఏళ్లుగా పోగుపడిన పేర్లు ఉన్నాయి, వచనానికి పెద్దగా లేవు. మద్రాసులో పరవస్తు చిన్నయ సూరి 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణాన్ని వెలువరించి ఒకదానితో నమూనా, రెండోదానితో నియమం ఇచ్చాడు. లక్షణానికి విరుద్ధమైన భాషే గ్రామ్యమని సూరి నిర్వచనం. ఇంతకు ముందు గ్రామ్యం కొన్ని మాటల పేరు. ఇప్పుడు వ్యాకరణ సూత్రానికి లొంగనిదంతా, అంటే ఊళ్లో ఆడమగా చిన్నాపెద్దా మాట్లాడేదంతా గ్రామ్యం అయింది. సూరి వచనం సొగసును ఎవరూ కాదనలేరు, ఆ వాక్యాల తూకం నేటికీ వినదగ్గది. కానీ ఆయన తర్వాత ఆ తూకం రాని చేతుల్లో ఆ భాష బడిపిల్లలకు భారమైంది. అదే దశకంలో సి.పి.బ్రౌన్ 1852లో తెలుగు నిఘంటువును, 1854లో తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాల నిఘంటువును అచ్చువేశాడు. పండితులు పక్కకు నెట్టిన మాటలు అందులో బారులు తీరి కనబడతాయి.

గ్రామ్యం అన్న పేరును మార్చడమే వాడుకభాషా ఉద్యమం చేసిన మొదటి పని. 1897లో కన్యాశుల్కం తొలి కూర్పుకు రాసిన పీఠికలో గురజాడ వాడుకభాషలో నాటకం రాయడాన్ని సమర్థించాడు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి, బడి పర్యవేక్షణలో ఉన్న యేట్స్, పి.టి.శ్రీనివాస అయ్యంగార్ ఈ పక్షాన చేరారు. 1911లో మద్రాసులో జయంతి రామయ్య పంతులు పూనికతో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన నిలిచింది. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయ సంఘానికి గురజాడ తన అసమ్మతి పత్రం సమర్పించాడు. ఈ వాదంలో పేరుకు ఎంత బలముందో రెండు వైపులవాళ్లకూ తెలుసు. ఒకరు గ్రామ్యం అన్నదాన్ని రెండోవారు వ్యావహారికం, వాడుకభాష అన్నారు. ఒకరు లక్షణభాష అన్నదాన్ని రెండోవారు గ్రాంథికం అన్నారు. పుస్తకాలలో తప్ప ఎక్కడా లేనిది అన్న చురక ఆ మాటలోనే ఉంది. పల్లెటూరి మోటుభాషను నెత్తికెత్తుకుంటున్నారన్న నిందకు జవాబుగా గిడుగు వర్గం శిష్టవ్యావహారికం అన్న పేరు ముందుకు తెచ్చింది. చదువుకున్న పెద్దలు ఇంట్లో మాట్లాడుకునే భాష అని దాని తాత్పర్యం.

గిడుగు పని పేర్లతో ఆగలేదు. 1919లో 'తెలుగు' అన్న పత్రిక నడిపి, పాత వ్యాఖ్యానాలలో, తాటాకు ప్రతులలో, స్థానిక చరిత్రలలో ఉన్న వచనాన్ని తవ్వి చూపించాడు. గద్యచింతామణి, బాలకవిశరణ్యం ఆ శ్రమ ఫలితాలు. తాము పాటిస్తున్నామనుకున్న వ్యాకరణాన్ని గ్రాంథిక పండితులే ఎలా తప్పుతున్నారో ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజంలో ఎత్తి చూపాడు. గ్రాంథికంలో ఎన్నో పుస్తకాలు రాసిన కందుకూరి వీరేశలింగం తన చివరి రోజుల్లో, 1919లోనే, రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్రభాషాప్రవర్తక సమాజానికి అధ్యక్షుడు కావడం ఈ చరిత్రలో మరువరాని ఘట్టం.

ఆ వాదం ఎక్కడ తెగలేదో చూడాలంటే ఒక చిన్న వాక్యాన్ని మూడు తీరుల్లో రాసి చూడవచ్చు. 'పొద్దు గూకింది, పిట్టలు గూళ్లు చేరాయి.' 'సాయంకాలమయ్యెను, పక్షులు తమ గూండ్లకుఁ జేరెను.' 'సాయంసంధ్యాసమాగమంబున విహంగమబృందంబులు నిజనీడంబులఁ బ్రవేశించెను.' మొదటిది వ్యావహారికమనీ రెండోది గ్రాంథికమనీ చెప్పడానికి క్రియల చివర చూస్తే చాలు. కానీ రెండోదానికీ మూడోదానికీ ఉన్న దూరం, మొదటిదానికీ రెండోదానికీ ఉన్న దూరం కంటే ఎక్కువ. ఆ దూరాన్ని గ్రాంథికం, వ్యావహారికం అన్న జంట కొలవలేదు. దానికి సమాసభూయిష్ఠత, గాఢబంధం, ఓజస్సు కావాలి. మొదటి వాక్యంలో ఇంకో సంగతి ఉంది. పొద్దు గూకుతుంది, వాలుతుంది, వాటారుతుంది. 'సూర్యుడు గూకాడు' అని తెలుగువాళ్లు ఎవరూ అనరు. అర్థం ఒకటే అయినా ఆ క్రియ ఆ నామంతోనే నడుస్తుంది. దాని పేరు నుడికారం. నలభై ఏళ్ల భాషావాదం క్రియారూపాల చుట్టూ తిరగడంతో ఈ లోతైన సంగతి వెనకబడింది. వాడుక క్రియలతో రాసినంత మాత్రాన వాడుక తెలుగు అయిపోదన్న సంగతి ఆ తర్వాతి పత్రికల వచనం రుజువు చేసింది.

ఈ వాదం సాగుతుండగానే విమర్శ రూపు మారింది. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వవిచారం వెలువడింది. పింగళి సూరన కావ్యాలను ఆధారం చేసుకుని, అలంకారాల లెక్కను విడిచి కవి భావనాశక్తిని, పాత్రలను, కథ కట్టును ఆయన పరీక్షించాడు. కొత్త చూపుకు కొత్త మాటలు కావాల్సి వచ్చాయి. నన్నయకు కథాకథనం, తిక్కనకు నాటకీయత, ఎఱ్ఱనకు వర్ణన అని తరగతి గదుల్లో చెప్పే వరుసలో మొదటిది నన్నయ సొంత మాటకు దగ్గరిది, రెండోది ఆధునిక విమర్శ ఇచ్చినది. శైలి ఈ దశలోనే అన్నిటినీ మింగింది. సరళ శైలి, గంభీర శైలి, ప్రౌఢ శైలి అని విశేషణం మారుస్తూ పోతే చాలనుకునే అలవాటు వచ్చింది. కథానిక, నవల వచ్చాక శిల్పం అన్న మాట తోడైంది. రచనలో భాష కాని కట్టుబడినంతా, అంటే ఎత్తుగడ, దృష్టికోణం, ముగింపు, కాలం నడక, శిల్పం కిందికి తెచ్చారు. వల్లంపాటి వెంకటసుబ్బయ్య కథాశిల్పానికి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చేనాటికి ఆ మాట పూర్తిగా స్థిరపడింది. చేకూరి రామారావు చేరాతలు శీర్షికలో కవితలను చదువుతూ వాక్య నిర్మాణాన్నే విమర్శకు పునాది చేసుకున్నారు. ఏ వాక్యం ఎందుకు పట్టుకుంటుందో వ్యాకరణం తెలిసిన చేత్తో విప్పి చూపడం తెలుగు విమర్శకు జరిగిన పెద్ద మేలు.

గ్రామ్యం పోయిన చోటికి మాండలికం వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం 1962లో వెలువడింది, తర్వాత చేనేత పదాలకు ఇంకో సంపుటం వచ్చింది. ఊరూరా తిరిగి రైతునూ నేతగాడినీ అడిగి రాసుకున్న మాటలకు మొదటిసారి శాస్త్ర గౌరవం దక్కింది. రావిశాస్త్రి కథలు విశాఖ మాటతీరును, నామిని కథలు చిత్తూరు జిల్లా మాటతీరును సాహిత్యానికి ఎత్తాయి. అయితే శిష్టవ్యావహారికం పేరుతో ప్రమాణమై కూచున్నది ఎక్కువగా కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల భాషే. మిగిలినవాటిని యాస, మాండలికం అనడం తెలంగాణ రచయితలకు గాయమైంది. గ్రామ్యం అన్న పాత నింద మర్యాదైన కొత్త బట్ట కట్టుకుని వచ్చిందని వాళ్లు గుర్తించారు, ఆ గుర్తింపు న్యాయమైనదే. కాళోజీ నారాయణరావు బడి పలుకులనూ పలుకుబడులనూ ఎదురెదురుగా నిలిపి, రెండోవాటి పక్షాన మాట్లాడారు. పలుకుబడి అంటే జనంలో చెల్లే మాట. చెల్లుబాటయ్యే అధికారం అన్న అర్థం కూడా దానికి ఉంది. మాట ఎవరిదో అధికారం వాళ్లదని ఆ ఒక్క పదమే పట్టి ఇస్తుంది. గిడుగు పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా, కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. గ్రామ్యం అన్న మాటతో పోరాడిన రెండు తరాల గుర్తులవి.

చివరికి పాత మాటల్లో ఏది నిలిచిందన్న ప్రశ్నకు అనువాదం జవాబు చెప్పింది. కడప నుంచి సంవేదన పత్రిక నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి, ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు మాటలతో నింపడం అనువాదం కాదని పదేపదే చెప్పారు. వాక్యం కర్మణి ప్రయోగంలో మొదలై విశేషణ వాక్యాల బరువుతో కుంగిపోతే, అందులో ప్రతి మాటా తెలుగే అయినా అది తెలుగు వాక్యం కాదు. ఆయన అనువాద సమస్యలు పుస్తకానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన వాదమంతా శ్రీనాథుడు ప్రౌఢి పక్కన నిలిపిన ఆ మాట మీదే ఆనుకుని ఉంది. పాకం అర్థం మార్చుకుంది, గ్రామ్యం నిందగా మారి నశించింది, శయ్య పాఠ్యపుస్తకాలకు పరిమితమైంది, శైలి అన్నిటికీ సరిపోయే మాటై పదును పోగొట్టుకుంది. నుడికారం మాత్రం శ్రీనాథుడి నాడు ఏ అర్థంలో ఉందో, ఇవాళ పత్రికాఫీసులో అనువాదం దిద్దే ఉపసంపాదకుడి నోట కూడా అదే అర్థంలో వాడుకలో ఉంది.